పిన్ని చేతిలో ప్లకార్డు, నా చేతిలో నోట్‌బుక్

ఈ ఉత్తరం కెనడా రాజధాని ఒట్టావా నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను. తొమ్మిది పేజీలు కుదిస్తే సంగతి ఇది.

వయసు ముప్పై నాలుగు. పుట్టి పెరిగింది తెనాలి. 2014లో జర్నలిజం చదవడానికి కెనడా వెళ్ళి, మొదటి రెండేళ్ళు ఒట్టావా శివారు కనాటాలో పిన్నీ బాబాయిల ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నారు. అద్దె అడిగితే పిన్ని తిట్టేదట. ఇప్పుడు ఫ్రీలాన్సర్. పార్లమెంటు వార్తలూ, ఎల్‌జీబీటీ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు) వాళ్ళకు సంబంధించిన చట్టాలూ, కోర్టు కేసులూ రాస్తారు. నెల జీతం లేదు, పదానికి ఇంత అని లెక్క. నాలుగేళ్ళుగా ఒక అమ్మాయితో కలిసి కాపురం. ఇంట్లో వాళ్ళకు మాత్రం ఆమె 'రూమ్మేట్'. అమ్మ వీడియో కాల్‌లో "ఆ పిల్లకి కూడా ఆవకాయ పంపనా, కారం తింటుందా?" అని అడుగుతుంది. రిటైరైన లెక్చరర్ నాన్న కూతురి పార్లమెంటు వార్తలన్నీ ప్రింటు తీయించి ఫైల్లో పెట్టి, ఇంటికొచ్చిన వాళ్ళకు చూపిస్తారు. ఎల్‌జీబీటీ వార్తలు మాత్రం ఆ ఫైల్లో ఒక్కటీ ఉండదు. పోయిన నెల కాల్గరీ సంబంధం ఒకటి పంపారు. సాఫ్ట్‌వేరు, సొంత ఇల్లు.

అసలు ముడి ఎక్కడ పడిందో ఆమె మాటల్లోనే చదవండి:

"2023 సెప్టెంబర్ 20న స్కూళ్ళలో జెండర్ పాఠాలు వద్దంటూ దేశమంతటా ఊరేగింపులు జరిగాయి. పార్లమెంటు ముందు వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో వాళ్ళొక పక్క, వాళ్ళను కాదనేవాళ్ళు ఒక పక్క, నడుమ పోలీసులు. నేను వార్త కోసం వెళ్ళాను. 'మా పిల్లల జోలికి రావద్దు' అన్న అట్టముక్క పట్టుకుని మా పిన్ని కనబడింది. నా మెడలో ప్రెస్ కార్డు చూసి చెయ్యూపింది. బారికేడ్ మీదుగా వంగి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నా చేతిలో పెట్టి, 'పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా లేదా, పులిహోర ఉంది' అంది. ఆ డబ్బా చంకలో పెట్టుకునే రెండు పక్కల వాళ్ళతోనూ మాట్లాడాను. వార్తలో పిన్ని లేదు. ఎడిటర్‌కి చెప్పలేదు. నా సంగతి పిన్నికీ చెప్పలేదు. డబ్బా ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది."

ఈమధ్య మాటల్లో మరో పత్రిక ఎడిటర్‌తో ఇదంతా చెప్పేశారు, తన సంగతి కూడా. ఆవిడ వెంటనే "ఇది నువ్వే రాయాలి, 'నేను' అని రాయాలి, నీ పేరుతో రాయాలి" అన్నారు. పన్నెండు వందల డాలర్లు, మూడు వారాల గడువు. ఇదే సమయంలో ఒక ప్రభుత్వ శాఖ కమ్యూనికేషన్స్ విభాగంలో ఏడాది ఉద్యోగానికి పిలుపొచ్చింది. జీతం ఇప్పటి సంపాదనకు దాదాపు రెట్టింపు. జూన్‌లో అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. ఆమె అడిగినవి మూడు: ఆ రోజు జర్నలిస్టుగా తప్పు చేశానా? వ్యాసం రాయనా? ఉద్యోగంలో చేరనా?

మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను. ఎందుకంటే మీరు దాన్ని తప్పుచోట వెతుకుతున్నారు. "నేనూ ఆ సమూహంలో మనిషినే కదా, వీళ్ళ వార్తలు నేను రాయొచ్చా" అని నాలుగు పేజీలు రాశారు. రాయొచ్చండీ. స్కూలు ఫీజుల వార్త రాసే రిపోర్టర్‌ని "మీకు పిల్లలున్నారా, ఉంటే రాయకండి" అని ఎవరూ అనరు. 2005 జులైలో స్వలింగ వివాహాలను దేశమంతటా చట్టబద్ధం చేసి కెనడా ప్రపంచంలో నాలుగో దేశమైంది. ఆ చర్చ సాగినన్నాళ్ళూ పెళ్ళైన రిపోర్టర్లే కదా గ్యాలరీలో కూర్చుని రాసింది? పెళ్ళి సంగతిలో వాళ్ళకు సొంత ఆసక్తి ఉందని ఎవరికీ తోచలేదు. ఎక్కువమంది ఉన్న పక్కనుంటే నిష్పాక్షికం, తక్కువమంది ఉన్న పక్కనుంటే పక్షపాతం అనడం తూకంలో మోసం.

మీ దేశంలోనే 1971 నుంచి 1987 దాకా టొరంటోలో 'ది బాడీ పాలిటిక్' అనే పత్రిక నడిచింది. ఆ సమూహంలోని మనుషులే నడిపారు. 1977 డిసెంబర్ చివర్లో పోలీసులు ఆఫీసు మీద పడి కాగితాలు ఎత్తుకుపోయారు, కేసులు పెట్టారు, ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిప్పారు. చివరికి నిర్దోషులే అన్నారు. 1981 ఫిబ్రవరి 5 రాత్రి పోలీసులు టొరంటోలో గే మగవాళ్ళు కలుసుకునే బాత్‌హౌసుల (స్నానశాలల) మీద దాడిచేసి దాదాపు 300 మందిని పట్టుకుపోతే, అది పట్టుబడ్డవాళ్ళ వైపు నుంచి ఎలా కనబడిందో రాసి పెట్టింది ఇలాంటి పత్రికలే. లోపలి మనిషి రాయడం మీతో మొదలైంది కాదు.

మీ తప్పు వేరే చోటుంది, అదీ చిన్నదే. వార్తలో మీ బంధువు ఉన్నారు. ఆమె ఏ వైపు ప్లకార్డు పట్టుకుందన్నది అనవసరం. ఆమెతో ఇంటర్వ్యూ చేయకపోవడం సరైన పనే. ఎడిటర్‌కు ఆ సాయంత్రమే ఒక ముక్క చెప్పి ఉండాల్సింది: "మా పిన్ని అక్కడుంది, నేను ఆమెను వాడలేదు." అంతే. మీరెవరితో కాపురం చేస్తున్నారో ఆ ఎడిటర్‌కు చెప్పాల్సిన పని అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇన్నేళ్ళూ మీరు ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి మోశారు. పిన్ని మాట చెబితే మీ మాటా బయటపడుతుందని రెండూ దాచారు. విడదీయండి. మొదటిది ఈరోజే ఆ పాత ఎడిటర్‌కు రెండు వాక్యాల్లో రాసేయండి. మహా అయితే "ఓహో, సరే" అంటారు.

ఇక దాచడం గురించి. మీకు తెలిసిన చరిత్రే, ఇక్కడి పాఠకుల కోసం చెబుతున్నాను. 1950ల నుంచి 1990ల దాకా కెనడా ప్రభుత్వం తన ఉద్యోగుల్లోంచి, సైన్యంలోంచి, పోలీసుల్లోంచి స్వలింగ ప్రేమికులని అనుమానం వచ్చినవాళ్ళను వెతికి వెతికి పంపేసింది. బొమ్మలు చూపించి, కంటిపాప ఎంత విప్పారుతుందో కొలిచి మనిషిని పట్టేస్తామని ఒక యంత్రం మీద డబ్బు కూడా తగలేశారు. అది పనిచేయలేదు, చేయదు కూడా. వాళ్ళు చెప్పిన కారణం వినండి: వీళ్ళకు రహస్యం ఉంది కాబట్టి రష్యా వాళ్ళు బెదిరించి లొంగదీసుకుంటారట. రహస్యంగా బతకాల్సిన గతి పట్టించింది తామే, ఆ రహస్యమే నేరమన్నదీ తామే. మిషెల్ డగ్లస్ అనే వైమానిక దళ అధికారిణిని 1989లో అలాగే పంపేస్తే ఆమె కోర్టుకెక్కింది. 1992లో సైన్యం ఆ నిషేధాన్ని ఎత్తేయక తప్పలేదు. 2017 నవంబర్ 28న అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో సభలో నిలబడి క్షమాపణ చెప్పారు.

ఇదంతా ఎందుకంటే, మీరు రహస్యాన్ని సిగ్గుతో కలిపేస్తున్నారు. ఉత్తరంలో మూడు చోట్ల "ఇంకా దాక్కుని బతకడం పిరికితనమేమో" అన్నారు. స్వెండ్ రాబిన్సన్ 1979లో ఎంపీ అయ్యారు, తాను గే అని బయటికి చెప్పింది 1988లో. తొమ్మిదేళ్ళు. కెనడా పార్లమెంటులో అలా చెప్పుకున్న మొదటి సభ్యుడాయన. ముందు తొమ్మిదేళ్ళకు ఆయన్ని పిరికివాడని మీరు రాస్తారా? మీ క్లిప్పింగుల్లో ఆయన మీద రాసింది చదివాను, అలా రాయలేదు.

మీ దగ్గరికి రోజూ మనుషులొచ్చి తమ బతుకు కథ చెబుతారు. అప్పుడు మీరేం చేస్తారో మీరే రాశారు: పేరు వేయొచ్చా అని అడుగుతారు, వేస్తే ఏమవుతుందో చెబుతారు, మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి "ఇంకా ఒప్పుకుంటున్నారా" అని అడుగుతారు, వద్దన్న పేరు చుట్టూ నోట్‌బుక్‌లో సున్నా చుడతారు. రెజైనా నుంచి ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల తన కథంతా చెప్పి, రాత్రి పదకొండింటికి "అక్కా, వద్దు" అని మెసేజ్ పెడితే మొత్తం తీసేసి, ఆ పైసలు పోగొట్టుకున్నారు. మరి ఈ వ్యాసంలో సోర్సు మీరే కదా. ఆ పిల్లకు ఇచ్చిన మర్యాద మీకు మీరు ఎందుకివ్వరు? ఆ పిల్ల వచ్చి, "నాకు మూడు వారాల గడువుంది, మా అమ్మకు తెలియదు, జూన్‌లో వస్తోంది" అంటే మీరేమంటారు? ఆ జవాబు మీ నోటితో ఒకసారి బయటికి అనుకుని చూడండి. తర్వాతే ఎడిటర్ సంగతి.

సరే, వ్యాసం. నాకు నాలుగు దారులు కనబడుతున్నాయి.

పేరు పెట్టి, పిన్నిని పెట్టి, గడువులోపు రాయడం ఒకటి. వ్యాసం బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. పులిహోర డబ్బా ఒక్కటి చాలు, ఏ ఎడిటరైనా వదలరు. కానీ పిన్ని పేరు రాయకపోయినా కనాటా తెలుగువాళ్ళలో ఆమెను ఎవరు గుర్తుపట్టరు? సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టించేది ఆవిడేనని మీరే రాశారు. 2023 ఆగస్టు నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలు కనబడకుండా మెటా ఆపేసింది కదా అని ధైర్యపడకండి. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్‌కు ఏ అడ్డూ లేదు. మీకు అక్కడ తెల్లవారేలోపు తెనాలిలో మధ్యాహ్నం భోజనాలప్పటికి అందుతుంది. అందులోనూ మీరు రాసింది అందదు, హెడ్డింగు అందుతుంది.

హెడ్డింగు గురించి ఒక మాట, నా తప్పే. 1990ల్లో విజయవాడలో ఒక పత్రిక డెస్కులో ఉండగా హిజ్రాల మీద వచ్చిన చిన్న వార్తకు వెకిలి హెడ్డింగు పెట్టాను. ప్రాస బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. మర్నాడు ఒకావిడ ఆఫీసుకొచ్చి, పేపరు బల్ల మీద పరిచి, ఆ హెడ్డింగు మీద వేలు పెట్టి, "ఇది పెట్టిందెవరు?" అంది. నేనని చెప్పలేదు. తలొంచుకుని ప్రూఫు దిద్దుతున్నట్టు నటించాను. వార్త రాసిన విలేకరి పాపం తిట్లు తిన్నాడు, అతను రాసిందాంట్లో ఒక్క తప్పుమాట లేదు. కాబట్టి ఏ దారిలో వెళ్ళినా సరే, హెడ్డింగు అచ్చుకు ముందు మీకు చూపించాలని మెయిల్లో రాయించుకోండి.

పిన్నిని తీసేసి, మీ గురించి మాత్రమే రాయడం రెండోది. ఎడిటర్ అంత ఉత్సాహపడకపోవచ్చు, పైసలు తగ్గించొచ్చు. పిన్ని బతికిపోతుంది, మీ అమ్మానాన్నల విషయం మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోటి కూడా ఆలోచించండి. మీతో కాఫీ తాగిన తెలుగు పిల్లలున్నారు, పేరు లేకుండా మీకు కథలు చెప్పినవాళ్ళు. మీ సంగతి బయటపడ్డ మర్నాటి నుంచి మీతో కనబడ్డ ప్రతివాళ్ళనూ జనం లెక్కేస్తారు. వాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. 2017లో వచ్చిన సోర్సుల రక్షణ చట్టం ఫ్రీలాన్సర్లకూ వర్తిస్తుంది, పోలీసులొచ్చి అడిగితే అక్కరకొస్తుంది. గుడి మెట్ల మీద ఆంటీలు అడిగితే అది పనికిరాదు.

మూడోది మీరు అసలు ఆలోచించనే లేదు, నాకు ఎక్కువ నచ్చినదీ అదే. 'నేను' లేకుండా రిపోర్టుగా రాయడం. ఆ రోజు వెల్లింగ్టన్ స్ట్రీట్‌కు వలసొచ్చిన అమ్మలు ఎందుకొచ్చారు? 2023 వేసవిలో న్యూ బ్రన్స్‌విక్, ఆ తర్వాత సస్కాచెవాన్ రాష్ట్రాలు, పదహారేళ్ళలోపు పిల్లలు స్కూల్లో పేరో సర్వనామమో (అతను, ఆమె లాంటివి) మార్చుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలన్నాయి. సస్కాచెవాన్‌లో కోర్టు ఆపితే, ఆ ప్రభుత్వం అక్టోబర్‌లో రాజ్యాంగంలోని 33వ సెక్షన్ తీసింది. ఇక్కడివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కొన్ని ప్రాథమిక హక్కులను అయిదేళ్ళపాటు పక్కనపెట్టి చట్టం చేసుకునే వెసులుబాటు అది. 2025 డిసెంబర్‌లో అల్బర్టా రాష్ట్రం ట్రాన్స్ మనుషులకు సంబంధించిన తన మూడు చట్టాలకు అదే కవచం తొడిగింది. న్యూ బ్రన్స్‌విక్‌లో మాత్రం 2024 ఎన్నికల్లో ఆ ప్రభుత్వమే పోయింది, కొత్తవాళ్ళొచ్చి నిబంధన మార్చారు. మీరుండే ఒంటారియోలో అలాంటి చట్టమే లేదు. అయినా మీ పిన్ని వచ్చింది. ఆమెను ఎవరు రమ్మన్నారు, ఏ ఫార్వర్డ్ చదివి వచ్చింది, ఏమవుతుందని భయపడింది అన్నది వార్త. అలాంటి అమ్మలతో, వాళ్ళ అనుమతితో, పిన్ని కానివాళ్ళతో మాట్లాడి రాయొచ్చు.

ఆ పని మీకొచ్చు. స్వలింగ ప్రేమికులనూ ట్రాన్స్ వాళ్ళనూ 'మార్చేస్తాం' అనే మార్పిడి చికిత్సల నిషేధం మీద మీరు రాసిన కథనం రెండుసార్లు చదివాను. 2021 జూన్‌లో బిల్లు ఓటుకొస్తే అరవై మందికి పైగా ఎంపీలు వద్దన్నారు. ఎన్నికలై, ఇంకాస్త గట్టిగా తిరగరాసిన బిల్లు డిసెంబర్ 1న వస్తే ఒక్కరూ వద్దనలేదు, ఓట్ల లెక్క కూడా లేకుండా సభ దాటింది. ఆ నడుమ అప్పటి ప్రతిపక్షం కన్జర్వేటివ్ పార్టీ బెంచీల్లో ఏం జరిగుంటుందో మీరు తవ్విన తీరు చూశాక, మీ సొంత కథ అమ్ముకుంటే తప్ప మీకు చోటు దొరకదన్న మీ భయాన్ని నేను నమ్మను.

రాయండి గానీ పంపకండి, ఇది నాలుగోది. వ్యాసం పూర్తిగా రాసి, మీ దగ్గర పెట్టుకోవడం. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు. మీ దేశపు సుప్రీంకోర్టే 2006లో రాబర్ట్‌సన్ కేసులో, ఫ్రీలాన్సర్ రాసిన వ్యాసాలను పత్రికలు అనుమతి లేకుండా ఆన్‌లైన్ డేటాబేసుల్లో పెట్టుకోకూడదంది. గెలిచాం అనుకునేలోపు, ఆ అనుమతేదో కాంట్రాక్టులోనే ముందుగా రాయించుకోవడం పత్రికలకు అలవాటైపోయింది. మీ ఎడిటర్ పంపిన కాంట్రాక్టులో మూడో పేజీ చదివారా? అన్ని హక్కులూ, అన్ని రూపాలూ, ఎప్పటికీ అని ఉంటుంది. పన్నెండు వందలకు వార్త అమ్మొచ్చు. పిన్నిని ఎప్పటికీ అమ్మేసే ధర అది కాదు.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వద్దాం. ఉత్తరమంతా చదివాక నన్ను పట్టుకున్నది ఆమే.

ఆమె ప్లకార్డు వెనకున్న మాట ఏమిటి? "నా బిడ్డకు సంబంధించింది నాకు తెలియకుండా దాయొద్దు." స్కూలు తల్లిదండ్రుల దగ్గర రహస్యాలు పెడుతుందని ఆమె భయం. అందుకు ఆవిడ సెలవు పెట్టి, పులిహోర కలుపుకుని, బస్సెక్కి వచ్చింది. ఆమె ఇంటి బేస్‌మెంట్‌లోనే ఒక పిల్ల రెండేళ్ళుండి, ఆమె చేతి అన్నం తిని, ఆమెకు చెప్పుకోలేకపోయింది. అక్కడ స్కూలు లేదు, టీచర్ లేదు, ప్రభుత్వం లేదు. పిల్లలు ఎందుకు చెప్పరో తెలుసుకోవాలని ఆమె పార్లమెంటు దాకా వెళ్ళింది. జవాబు బారికేడ్‌కు ఇవతల, ఆమె ఇచ్చిన డబ్బా పట్టుకుని నిలబడింది.

మీరు రాయగలిగిన వ్యాసం నిజానికి ఇదే, ఎడిటర్ అడిగింది కాదు. "మా పిన్ని మాకు వ్యతిరేకంగా నడిచింది" అని ఆవిడకు కావాలి. "పిన్నీ, నీకు నేనెందుకు చెప్పలేకపోయాను" అన్నది మీ దగ్గరుంది. దాన్ని మొదట చదవాల్సింది, లేదా వినాల్సింది పిన్ని. ఆవిడ విన్నాక అది పత్రికకు వెళ్తుందా, డ్రాయర్‌లో ఉంటుందా అన్నది అప్పుడు ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు. ఆవిడ కోప్పడొచ్చు. తలుపు వేసేయొచ్చు. ముందుగా మీ అమ్మకే ఫోన్ చేయొచ్చు, అది నిజమైన ప్రమాదం. కాబట్టి పిన్నికి చెప్పే రోజుకూ అమ్మకు చెప్పే రోజుకూ మధ్య ఎక్కువ ఎడం పెట్టకండి. ఒకరోజు చాలు.

వెళ్ళినప్పుడు రిపోర్టర్‌గా వెళ్ళకండి. 2021 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళు దాటిన ప్రతి 300 మందిలో ఒకరు ట్రాన్స్ లేదా నాన్‌బైనరీ (ఆడా మగా రెంటిలో ఏదో ఒకటే అనుకోనివాళ్ళు) అని తేలిందని మీకు నోటికొచ్చు. ప్రపంచంలో ఆ లెక్క తీసిన మొదటి దేశం మీదేనని కూడా వచ్చు. అదేదీ పిన్ని ముందు తీయకండి. ఆవిడ అడిగితే అది వేరు.

అమ్మానాన్నల సంగతి. వాళ్ళొచ్చాక చెప్పాలా, రాకముందు చెప్పాలా? రాకముందు చెబితే రాకపోవచ్చు. వచ్చాక చెబితే ఆరు నెలలు పరాయి దేశంలో, అలిగి వెళ్ళడానికి పుట్టిల్లు కూడా లేని చోట, మీ ఇంట్లోనే ఉండాలి. వచ్చాక వాళ్ళంతట వాళ్ళకు తెలిస్తే అది ఈ రెంటికన్నా కష్టం. రెండు పడగ్గదుల ఇంట్లో ఆరు నెలలు 'రూమ్మేట్' నాటకం సాగదు. మీ తోటి మనిషిని ఆ ఆరు నెలలూ వేరే చోటికి పంపే ఆలోచన ఉందని ఒక్క లైనులో రాసి దాటేశారు. ఆ లైను దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆమెను అడిగారా? ఉత్తరం తొమ్మిది పేజీల్లో ఆమె ఏమనుకుంటుందో ఒక్కచోటా లేదు.

చెప్పేటప్పుడు పేర్లతో మొదలుపెట్టకండి. మన భాషలో ఈ సంగతికి అమ్మ విన్న మాటలు రెండే రకాలు: సినిమాల్లో ఎగతాళికి వాడే 'తేడా' లాంటివి, లేదా పేపర్లో చదివి దాటేసే ఇంగ్లీషు పొడి అక్షరాలు. రెండూ మీ గురించి కావు. "అమ్మా, నువ్వు ఆవకాయ పంపుతానన్న పిల్లతోనే నా జీవితం" అనండి. అర్థమవుతుంది. ఇండియాలో 2018 నుంచి ఇది నేరం కాదు, అయినా 2023లో మన సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు ఇవ్వలేదు, ఇవన్నీ నాన్న అడుగుతారు. లెక్చరర్ కదా. సిద్ధంగా ఉండండి.

నాన్న ఫైలు గురించి మీరు బాధపడ్డారు, నేను వేరేలా చదివాను. ఏ వార్తలు ప్రింటు తీయించకూడదో ఆయనకు ఎలా తెలుసు? అన్నీ చదివితేనే కదా. మీరు రాసిన ప్రతి ముక్కా, ఫైల్లో పెట్టనివి కూడా, తెనాలిలో కూర్చుని ఆయన చదువుతున్నారు. ఏం అర్థం చేసుకున్నారో మనకు తెలియదు. అసలేమీ తెలియని మనిషికి చెబుతున్నానని మాత్రం అనుకోకండి.

ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పను, లెక్కలు మీకే తెలుసు. ఫ్రీలాన్సర్‌గా పెన్షన్ వాటా రెండు వైపులా, ఉద్యోగిదీ యజమానిదీ, మీరే కట్టాలి, 11.9 శాతం. పని దొరకని నెలలో నిరుద్యోగ భృతి రాదు. పంటి వైద్యం వాయిదా వేస్తున్నానన్నారు. ఏడాది ఉద్యోగంతో ఇవి తీరతాయి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కానీ ఆ ఏడాది మీరు జర్నలిస్టు కారు. ఫ్రేజర్ అనే ఆదాయపన్ను శాఖ ఉద్యోగిని ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించాడని తీసేస్తే, 1985లో సుప్రీంకోర్టు అది సబబేనంది. అంటే మీ వ్యాసం ఆ ఏడాది ఎలాగూ రాదు, పార్లమెంటులో మధ్యాహ్నం 2:15కి ప్రశ్నలు మొదలయ్యేటప్పటికి మీరు గ్యాలరీలో ఉండరు. తిరిగొచ్చాక ఆ శాఖ వార్తలు కొంతకాలం ముట్టుకోలేరు. మీరు ఉద్యోగంలోకి పంటి కోసం వెళ్తున్నారా, పిన్ని నుంచి తప్పించుకోవడానికి వెళ్తున్నారా? మొదటిదైతే వెళ్ళండి. రెండోదైతే ఏడాదయ్యాక పిన్ని అక్కడే ఉంటుంది, ముగ్గుల పోటీ పెడుతూ. ఆ ఆఫీసుకు జవాబివ్వడానికి పదిరోజుల వ్యవధి అడగండి, ఇస్తారు.

ఎడిటర్‌కు ఇలా రాయొచ్చు, మీ మాటల్లో మార్చుకోండి: "ఈ గడువులో రాయలేను. ఇందులో ఉన్న మనుషులతో ముందు నేను మాట్లాడాలి. ఈలోగా ఆ ఊరేగింపుకొచ్చిన వలస తల్లుల మీద రిపోర్టు ఒకటి ఇవ్వగలను, రెండువేల పదాలు. నా గురించి మీకు చెప్పింది మాటల్లో చెప్పింది, వాడుకోవడానికి కాదు." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. ఇంకొకరికి చెప్పే అవకాశం ఆమెకు ఇవ్వకూడదు. ఆమె మంచివారైతే అర్థం చేసుకుంటారు, కాకపోతే ఆ సంగతి పన్నెండు వందలు చేతిలో పడకముందే తెలుస్తుంది.

శనివారం కనాటా వెళ్తే ఆ స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. ఇన్నేళ్ళయ్యాక ఖాళీ డబ్బా తిరిగివ్వలేం కదా, ఏదైనా చేసి పెట్టండి. మీకు వంట రాదని మీరే రాశారు. మీ ఇంట్లో వంట వచ్చిన మనిషితో చేయించి పట్టుకెళ్ళండి. "ఎవరు చేశారే, బాగుంది" అని పిన్ని అడుగుతుంది.